మెదడు ఫోటోకు మల్లెపూలు

మా అత్తమ్మ చనిపోయింది. పోయిన ఆదివారం మధ్యాహ్నం పప్పుచారుతో అన్నం తిని, ‘జెర నడుం వాలుస్త, నాలుగు గొట్టంగ లేపు, తోటకూర కట్టలు కట్టాలె’ అని నాతో చెప్పి పడుకుంది. నాలుగింటికి చాయ్ పెట్టుకుని వెళ్లి లేపితే లేవలేదు. డెబ్బయ్యేళ్లు దాటిన మనిషి, మంచాన పడకుండా, ఎవరిచేతా చేయించుకోకుండా పోయింది, అదృష్టవంతురాలు అని వచ్చినవాళ్లందరూ అన్నారు. నిజమే కావచ్చు. నాకైతే ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండింది. పొద్దున పాలవాడితో మొదలుపెట్టి రాత్రి కుక్కకు అన్నం వేసేదాకా నోరు మూయని మనిషి, నాకు చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకుండా ఎట్లా పోతుంది?

ఆ మాట ఏమిటో మీకు అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మాది ఇస్నాపూర్. నేను కోడలిగా వచ్చేసరికే పటాన్‌చెరు ఫ్యాక్టరీల పుణ్యమా అని ఇంటింటి వెనకా రేకుల గదులు లేచాయి. మా ఇంటి వెనకా రెండు కిరాయి గదులుండేవి. బిహారు నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కుర్రాళ్లు, షిఫ్టు దిగినవాడు పడుకుంటే షిఫ్టెక్కేవాడు లేచి పోతూ, అవే చాపల మీద కాపురం చేసేవాళ్లు. మామయ్య నా పెళ్లికి ముందే పోయాడు. మిగిలిన కాస్త నేలలో బావి కింద అత్తమ్మ పాలకూర, మెంతికూర, కొత్తిమీర పెట్టేది. తెల్లవారి గంప నెత్తిన పెట్టుకుని పటాన్‌చెరు బజారుకు పోయేది. మా ఆయనది ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. నేను పటాన్‌చెరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరును.

అత్తమ్మ కడుపులో మాట దాగేది కాదు. మా ఇంట్లో పాలు విరిగినా బజారుకు తెలిసేది. నేను నెల తప్పిన సంగతి మా ఆయనకంటే ముందు కొత్తిమీర కొనేవాళ్లకు తెలిసింది. ఆ రోజు సిగ్గుతో ఏడ్చి అన్నం మానేస్తే, ‘మంచి మాటనే గద బిడ్డా, చెప్తె ఏమైతది? అరిగిపోతదా?’ అంది. ఆమెకు రహస్యమంటే ఏమిటో అసలు తెలియదని అప్పట్లో నా నమ్మకం. ఆ నమ్మకం తప్పని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

పాపకు నాలుగో ఏడు నడుస్తుండగా నాకు జబ్బు మొదలైంది. ముందు వేళ్ల కణుపులు పట్టేసేవి. సుద్దముక్క పట్టుకోవడం కష్టమైంది. తర్వాత రెండు చెంపల మీదా ముక్కును కలుపుకుంటూ ఎర్రటి మచ్చ లేచింది. ఎండలోకి వెళ్తే మంట, సాయంత్రానికి జ్వరం. అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టారు. ఎన్నాళ్లయినా దిగకపోయేసరికి ఇది ఏ అమ్మవారో అర్థం కాక ఊరుకున్నారు. కొందరు గాలి వల్ల అన్నారు, కొందరు నీళ్ల వల్ల అన్నారు. చివరికి నగరంలో పెద్దాసుపత్రి కీళ్ల డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించి, దీన్ని లూపస్ అంటారని చెప్పింది. ఒంటిని కాపాడాల్సిన శక్తి దారి తప్పి, ఒంటినే పరాయిదనుకుని దాని మీద పడే జబ్బట. ఎండ తగలకూడదంది, మాత్రలు రాసింది. జ్వరం తగ్గింది, కీళ్లు వదిలాయి. ఇంక గట్టెక్కాననుకుంటున్న సమయంలో నాకు మతి తప్పింది.

అక్కడినుంచి కొన్ని వారాలు నా దగ్గర లేవు. అందరూ చెబితే తెలిసిన ముక్కలు మాత్రం ఉన్నాయి. ఫ్యాక్టరీ సైరన్ మోగినప్పుడల్లా అది నన్ను పేరు పెట్టి పిలుస్తోందని గేటు దాకా పరుగెత్తేదాన్నట. కిరాయి కుర్రాళ్లు మా పాపను ఎత్తుకుపోవడానికే దిగారనేదాన్నట. ఒకసారి బడిలోనే ఫిట్స్ వచ్చి పడిపోయానట. అన్నీ ‘అట’లే. అత్తమ్మ నన్ను ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీమాత దగ్గరికి తీసుకెళ్లి మొక్కింది. మా ప్రిన్సిపల్ మేడమ్ వాళ్ల చర్చిలో ప్రార్థన పెట్టిస్తానంటే ‘పెట్టించు తల్లీ’ అంది. మళ్లీ డాక్టరమ్మ దగ్గరికీ తీసుకెళ్లింది. ‘అందరికి చెప్పిపెట్టిన. ఎవరు ముందుగాల ఇంటె వాళ్లకు దండం’ అనేదట.

ఆసుపత్రిలో తల స్కానింగ్ తీశారు. ఏ తేడా లేదని వచ్చింది. వేరే ఇంట్లో అయితే సంతోషించేవాళ్లే. మా ఇంట్లో ఆ మాటే నా మెడకు చుట్టుకుంది. మామయ్యకు అన్న ఒకాయన ఉండేవాడు, మేం పెద్ద మామ అనేవాళ్లం. కులంలో నలుగురూ మాట వినే మనిషి. ‘తలకాయల ఏం లేదని మిషినే చెప్పింది. అంటె రోగం గాదు, పిచ్చి’ అని ఆయన తేల్చాడు. నన్ను మా అమ్మగారింట్లో దిగబెట్టాలి, పాపను ఇక్కడే ఉంచుకోవాలి, పిల్లవాడికి ఇంకో సంబంధం చూడాలి అన్నాడు. పిల్లవాడంటే మా ఆయన. మా ఆయన మంచివాడు. మంచివాళ్లలో కొందరికి ఉండే జబ్బే ఆయనకూ ఉంది, ఎవరేం చెప్పినా తల ఊపుతాడు. పెద్ద మామ చెప్పినప్పుడూ ఊపాడు, అత్తమ్మ కాదన్నప్పుడూ ఊపాడు.

డాక్టరమ్మ గొడవ వేరు. నా మతి తప్పించింది లూపసా, లేక లూపస్ తగ్గడానికి తానిచ్చిన మాత్రలా అని ఆమె అనుమానం. ఆ మాత్రలు ఎక్కువ మోతాదులో వేసుకుంటే కొందరికి మనసు అదుపు తప్పుతుందట. మాత్రల వల్లే అయితే వాటిని తగ్గించాలి. రోగమే మెదడుకు ఎక్కి ఉంటే అవే మాత్రలు పెంచాలి, ఇంకా గట్టి మందు సెలైన్‌లో ఎక్కించాలి. దారులు రెండూ ఎదురెదురు. తప్పు దారి పడితే మనిషి దక్కకపోవచ్చు. అందుకని వెన్నులోంచి నీరు తీసి చూశారు, మళ్లీ రక్తం తీశారు. అవి చాలక, ఇంకో రకం ఫోటో తీయిద్దామంది. మొదటి స్కానింగ్ మెదడు ఆకారం చూస్తుంది, ఇది మెదడులో ఏ మూలకు రక్తం ఎంత అందుతోందో చూస్తుంది అని అత్తమ్మకు చెప్పింది.

‘మడిగట్లు మంచిగనే ఉన్నయి. నీళ్లు పారుతున్నయో లేవో సూస్తరు, గంతేగద?’ అందట అత్తమ్మ.

‘అంతే. కానీ పెద్దమ్మా, ఈ ఫోటో ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం. అన్ని పరీక్షలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి’ అందట డాక్టరమ్మ.

ఆ రెండో మాట అత్తమ్మ పట్టించుకోలేదు. ఇంటికొచ్చి పెద్ద మామకు కబురు పెట్టింది, ఫోటో వచ్చేదాకా ఎవరూ నోరెత్తొద్దని.

నాకు మళ్లీ జ్ఞాపకాలు మొదలయ్యేది ఆ ఫోటో పొద్దుటి నుంచే. అవీ అతుకులు అతుకులుగా ఉంటాయి గానీ, నావే. ఎండాకాలం. అత్తమ్మ నాకు తలంటు పోస్తోంది. జబ్బుతో సగం జుట్టు ఊడిపోయింది. ఉన్న కాస్త జుట్టుకే కొబ్బరినూనె రాసి, సవరం పెట్టి జడ వేసి, పిన్నులు గుచ్చింది. మల్లెపూలు జడ నిండా పెట్టింది. ఆడబిడ్డ పెళ్లికి కట్టిన ఆకుపచ్చ పట్టుచీర కట్టింది. చెంపల మీది మచ్చ కనబడకుండా పౌడరు అద్ది, కొంచెం దూరం జరిగి చూసి, మళ్లీ అద్దింది. కాటుక పెట్టింది. తన మెడలోని బంగారు గుండ్ల దండ తీసి నా మెడలో వేసింది.

‘ఫోటో దిగబోతున్నం బిడ్డా. జెర నవ్వు ముఖం పెట్టు’ అంది.

ఆమె దృష్టిలో ఫోటో అంటే ఫోటోనే. ఏదో లోపలిది తీస్తారని తెలుసు, అయినా ముఖం పడకుండా ఫోటో ఎట్లా ఉంటుంది? అది నలుగురి చేతుల్లోకీ పోతుంది. పెద్ద మామ చూస్తాడు, ఆయనతో వచ్చే కులపెద్దలు చూస్తారు. అందులో నేను మంచి ఇంటి కోడలిలా కనబడాలి, జుట్టు విరబోసుకున్న పిచ్చిదానిలా కాదు. పైగా, తలలో ఉన్నదంతా అందులో పడుతుందేమోనని అంతకు ముందు వారమంతా ఇంట్లో ఎవరినీ గట్టిగా మాట్లాడనివ్వలేదట. కిరాయి కుర్రాళ్లకు కూడా, వాళ్లకు తెలుగు రాదు, ఈమెకు హిందీ రాదు, ‘లడాయి నై, మంచి బాత్’ అని తాకీదు ఇచ్చిందట. ఈ సంగతులు తర్వాత ఆమే చెప్పి, ఆమే పడీ పడీ నవ్వేది.

బస్సులో కిటికీ వైపు తాను కూర్చుని, ఎండ నా మీద పడకుండా నల్లగొడుగు విప్పి పట్టుకుంది. బస్సులో గొడుగేందని కండక్టరు అరిస్తే, ‘నీ బస్సుకు పైకప్పున్నది గని పక్కకు లేదు’ అంది. అట్లాగే ఆసుపత్రి దాకా తెచ్చింది.

మిషన్ గది దగ్గర ఉన్నాయన మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగాడు. పెళ్లికి బయల్దేరిన మనుషులం దారి తప్పి వచ్చామనుకున్నాడేమో. కానీ నవ్వలేదు, ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. పిన్నులూ దండా చెవులవీ తీసెయ్యాలని నెమ్మదిగా చెప్పాడు. అత్తమ్మ ముఖం చిన్నబోయింది. ఒక్కొక్కటే తీసి కొంగున మూటగట్టుకుంది.

‘పూలు గూడ తియ్యాల్నా సారూ?’ అని అడిగింది.

ఆయన నా జడ వైపు చూశాడు. ‘పూలు ఉండనీయండి పెద్దమ్మా. పూలు మిషన్‌కు అడ్డం రావు’ అన్నాడు.

ముందు ఒక చిన్నగదిలో పడుకోబెట్టి చేతికి సూది గుచ్చి ఉంచారు. వెలుతురు తక్కువ, చప్పుడు లేదు. కాసేపు కళ్లు తెరుచుకుని ఊరికే పడుకోవాలి, మాట్లాడకూడదు, మాటలు వినకూడదు. మందు ఎక్కించిన ఆ కాస్త సేపట్లో మెదడులో రక్తం ఎట్లా పారుతోందో, మందు అట్లాగే అక్కడ నిలిచిపోతుందట. ఫోటో ఆ తర్వాత ఎంతసేపటికి తీసినా అందులో కనబడేది ఆ కాస్త సేపే. ఆ సమయంలో మాటలు చెవిన పడితే రక్తం అటువైపు పరుగెడుతుందట. ఒంటరిగా ఉండనని నేను గోల చేశాను. అందుకని అత్తమ్మను పక్కన కూర్చోనిచ్చారు, నోరు విప్పనంటేనే.

ఆ దృశ్యం నాకు అతుకుల్లేకుండా గుర్తుంది. అత్తమ్మ ఇనుప స్టూలు మీద కూర్చుంది. తన మీద తనకు నమ్మకం లేక, చీరకొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. కళ్లు పెద్దవి చేసుకుని నన్నే చూస్తోంది. నాకు భయం వేసినప్పుడల్లా కళ్లతోనే ఏదో చెబుతోంది. ఆమె మాట్లాడకుండా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు. నా మెదడు ఫోటోలో ఉన్నది ఆ కాసేపే అని తలుచుకుంటే ఇప్పటికీ గుండె నిండిపోతుంది.

తర్వాత పెద్ద బల్ల మీద పడుకోబెట్టి, తల కదలకుండా పట్టీ కట్టారు. మిషన్ నా తల చుట్టూ మెల్లగా తిరిగింది. అంతా అయ్యాక ఆయన అత్తమ్మకు జాగ్రత్తలు చెప్పాడు. నీళ్లు బాగా తాగించండి, ఒంట్లో కిరణాల మందు ఉంది కాబట్టి ఈ ఒక్కరోజు చిన్నపిల్లల్నీ కడుపుతో ఉన్నవాళ్లనూ కాస్త దూరంగా ఉంచండి, రేపటికి ఏమీ ఉండదు.

ఇక్కడే అత్తమ్మ నోరు ఆమెను ముంచింది. అంతసేపు కొంగు కుక్కిన నోరు కదా, ఇస్నాపూర్‌లో బస్సు దిగగానే విప్పింది. గేటు దగ్గర పాప ‘అమ్మా’ అని ఎదురు పరుగెత్తుకొస్తే మధ్యలోనే పట్టుకుని, ‘పోకు, పోకు, పిల్లను దూరం పెట్టుమని డాక్టర్లు చెప్పిన్రు’ అని గట్టిగా అంది. అదే మాట కిరాణా దుకాణంలో చెప్పింది, పక్కింటి వాళ్లకు చెప్పింది, బోరింగ్ దగ్గర చెప్పింది. ‘ఒక్కరోజు’ అన్న మాట ఆమె చెప్పే ఉంటుంది. కానీ ఆ మాట బోరింగ్ దగ్గరే ఉండిపోయింది. పొద్దు గూకే వేళకు, పిల్లను తల్లి దగ్గరికి పోనివ్వొద్దని ఆసుపత్రిలోనే చెప్పారట అన్న ముక్క ఊరంతా తిరిగి పెద్ద మామను వెంటబెట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. ఆయనతో ఇంకో ఇద్దరు పెద్దమనుషులు.

నేను గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. గోడకు ఆనుకుని కూర్చుని అంతా విన్నాను.

‘ఇగ ఫోటోతోని పనేంది? ఆసుపత్రోళ్లే చెప్పిన్రు గద, పిల్లను దాని కాడికి పోనియ్యొద్దని’ అన్నాడు పెద్ద మామ.

‘అది సూదిమందుకు చెప్పిన్రు బావా, మనిషికి గాదు. రేపటిదాంకనే.’

‘ఊరంత నువ్వే చెప్పుకుంట తిరిగితివి. ఇప్పుడేమొ సూదిమందు అంటవా?’

అయిపోయింది, పాప ఇంక నాది కాదు అనుకున్నాను. తలుపు తీసుకుని పోయి నేను బాగానే ఉన్నానని అరవాలనిపించింది. కానీ బాగున్నానో లేదో నాకే తెలియదు. అరిస్తే అదే సాక్ష్యమైపోతుందన్న తెలివి మాత్రం ఎక్కడినుంచో వచ్చింది. చీరకొంగు నోట్లో పెట్టుకుని కూర్చున్నాను.

‘తప్పు నాదే. నోరు జారిన’ అంది అత్తమ్మ చివరికి.

‘సరే, రేపో ఎల్లుండో ఫోటో వస్తది. దాంట్ల గూడ ఏం లేదని వస్తె ఏం జేస్తవ్?’

‘ఏమొస్తదో నాకు తెల్వది బావా. అది ఒక్కటి సూసి ఏం తేల్చలేమని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేనే ఇననట్టు ఉన్న’ అంది. ‘ఫోటో చెప్పనిది నేను చెప్తున్న, ఇనున్రి. అది ఈ ఇంటి మనిషి, ఈడనే ఉంటది. బాగైనా ఈడనే, గాకున్నా ఈడనే. పాప రేపు తల్లి కాడనే పంటది. చాయ్ తాగుతరా, పోతరా?’

మా ఆయన లేచిన చప్పుడు వినిపించింది. ఈసారి తల ఊపలేదు. వంటింట్లోకి వెళ్లి స్టవ్ వెలిగించి చాయ్ పెట్టాడు. పెళ్లయ్యాక ఆయన నా పక్షాన చేసిన మొదటి పని అదే. పెద్దమనుషులు తాగే వెళ్లారు.

మర్నాడు మొదటి షిఫ్టు సైరన్ మోగగానే, అత్తమ్మ నిద్రలో ఉన్న పాపను ఎత్తుకొచ్చి నా పక్కన పడుకోబెట్టింది. పాప కళ్లు తెరిచి నన్ను చూసింది. చూసి, బిగుసుకుపోయింది. వెనక్కి జరిగి నాయనమ్మ కొంగు పట్టుకుంది. ముందురోజు గేటు దగ్గర పరుగెత్తుకొచ్చిన పిల్లే, దగ్గరగా నా ముఖం చూసేసరికి జంకింది. అత్తమ్మ ఆ పిల్లను తీసుకుని వెళ్లిపోలేదు, నా మీదికి తోయనూ లేదు. మా ఇద్దరి మధ్యా కూర్చుని, దాని వీపు మీద ఒక చెయ్యి, నా తల మీద ఒక చెయ్యి వేసి, బజారు సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. ఆ పొద్దు కూరగంప బజారుకు పోలేదు. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి పాప కాలు నా కాలి మీద ఉంది.

ఫోటో వచ్చింది. మెదడును అడ్డంగా కోసిన ముక్కల్లా వరుసగా బొమ్మలు, రంగుల్లో. రక్తం బాగా అందుతున్న చోట ఎరుపూ పసుపూ, అందని చోట నీలం. ముందువైపూ పక్కలవైపూ అక్కడక్కడా నీలం మడుగులు కట్టి ఉంది. దాన్నీ, వెన్ను నీటినీ, రక్తపరీక్షలనూ కలిపి చూసి, ఇది మాత్రల పని కాదు, లూపస్ మెదడును పట్టిందని డాక్టరమ్మ నిర్ణయానికి వచ్చింది. మాత్రలు పెంచింది. నెల నెలా సెలైన్‌లో మందు ఎక్కించారు. నేను మెల్లగా నాలోకి వచ్చాను. అత్తమ్మ మాత్రం ఆ ఫోటోను కిటికీ వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి, ‘గింత ముస్తాబు జేస్తె ఒక్క పువ్వన్న పడలే గదనే!’ అని నిజంగానే బాధపడింది.

మందులకు నా ముఖం పూరీలా పొంగింది. ఉన్న జుట్టు కూడా పోయింది. అద్దం చూసి నేను ఏడిస్తే, ‘ఎంటికలదేముంది, కొత్తిమీర కోస్తె మల్ల రాదా’ అనేది. మళ్లీ వచ్చింది కూడా. పొద్దుటి సైరన్‌కు ఒక మాత్ర, సాయంత్రం సైరన్‌కు ఒక మాత్ర, తానే చేతిలో పెట్టి మింగేదాకా ఎదురుగా నిలబడేది. బడికి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాక, గంప ఖాళీ చేసుకుని బడి గేటు దగ్గర గొడుగుతో కాచుకుని ఉండేది. ఇద్దరం నడుస్తుంటే ఎప్పుడూ ఎండవైపు తనే. పిల్లలు ‘టీచర్, మీ గొడుగమ్మ వచ్చింది’ అనేవాళ్లు.

మందులన్నీ అయ్యాక రెండోసారి అదే ఫోటో తీశారు. ఆసారి ముస్తాబు లేదు, మల్లెపూలు మాత్రం పెట్టింది. చాలా చోట్ల రంగు తిరిగింది. ఒక మూల మాత్రం కొంచెం నీలం మిగిలింది. అది అట్లాగే ఉండిపోవచ్చు, దానితో మీకు ఇబ్బందేమీ కనబడటం లేదు, జాగ్రత్తగా చూసుకుందాం అంది డాక్టరమ్మ. నేను బస్సులో దిగులుగా కూర్చుంటే అత్తమ్మ నా చెవిలో, ‘జెరంత మిగిలితె మిగిలింది. మీ పెద్ద మామ తలకాయ తీపిస్తె ఎన్ని నీలాలుంటయో ఎవరికెరుక’ అంది. బస్సంతా తిరిగి చూసేట్టు నవ్వాం.

ఇట్లా నా జబ్బు గురించి ఆమె చెప్పని కథ లేదు, వినని మనిషి లేడు. గొడుగు సంగతీ, పూల సంగతీ, కొంగు సంగతీ బజారులో ఎందరికి చెప్పిందో. కానీ ఆ పోయిన వారాల దగ్గరికి వస్తే ఆగేది. సైరన్, కిరాయి కుర్రాళ్లు, ఫిట్స్, అంతవరకే. నేను తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే. ఆ పొద్దున నా బిడ్డ నన్ను చూసి ఎందుకు వెనక్కి జరిగింది?

‘అత్తమ్మా, నేను పాపను ఏమన్న జేసిన్నా?’ అని అడిగాను. ఎన్నిసార్లు అడిగానో. మెంతికూర కోస్తూ అడిగాను, భవానీమాత గుడి మెట్ల మీద అడిగాను, ఆమె మంచి ఖుషీగా ఉన్నప్పుడు కనిపెట్టి అడిగాను. ‘పాపకేం గాలె’ అనేది. ‘మరి ఏమైంది?’ అంటే, ‘ఆ దినాలు నీవి గావు, రోగానివి. రోగం పోయింది, అవి గూడ పోయినయి. నువ్వు అడిగి పరేషాన్ గాకు, నన్ను పరేషాన్ జెయ్యకు’ అనేది. మా ఆయనను అడిగితే, షిఫ్టులో ఉన్నానంటాడు. పాపకు గుర్తు లేదు, ఉందేమోనని అడిగే ధైర్యం నాకు లేదు. బడిలో ఏ పిల్లయినా నేను చెయ్యెత్తగానే తల వంచుకుంటే చాలు, నాకు చెమటలు పట్టేవి. ఎప్పటికైనా చెబుతుందిలే, ఆమె కడుపులో ఏ మాట దాగింది గనక అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను.

ఆదివారం సాయంత్రం, వాకిట్లో చీరలు అడ్డం కట్టి అత్తమ్మకు స్నానం చేయించాం. ఒక్కగానొక్క కోడలిని, నేనే చెయ్యాలి. పక్క ఊళ్లోనే ఉండే ఆడబిడ్డ పరుగున వచ్చి చెంబుతో నీళ్లు పోస్తోంది. అత్తమ్మ ఎప్పుడూ మోచేతుల కిందికి దిగే రవికలే తొడిగేది. పొలంలో ఎండకని అనుకునేదాన్ని. ఆ రవిక తీసి ఎడమ చెయ్యి కడుగుతుంటే, జబ్బ మీద మచ్చ కనబడింది. పైన సగం చంద్రవంక, కింద సగం చంద్రవంక. పాతబడి తెల్లగా అయిపోయింది, కానీ పన్ను పన్నుకూ గుంట తెలుస్తోంది.

‘ఇదేంది వదినా? కుక్క గరిసిందా?’ అంది ఆడబిడ్డ.

కుక్క కాదు. చిన్నపిల్ల పళ్లూ కావు. ఆ పళ్లు ఎవరివో నాకు ఒక్క చూపులో తెలిసింది. నేను పాప మీదికి వెళ్లి ఉంటాను. మధ్యలో ఈ చెయ్యి అడ్డం వచ్చి ఉంటుంది. ఇంకోలా కూడా జరిగి ఉండొచ్చు, చెప్పే మనిషి లేదు. కానీ నా బిడ్డ ఒంటి మీద అంగుళం అంగుళం నాకు తెలుసు, తల్లిని. దాని మీద ఎక్కడా ఏ గాటూ లేదు. పాపకేం గాలె అని ఆమె అన్న ప్రతిసారీ నిజమే చెప్పింది. నేను అక్కడే, తడి నేల మీద కూర్చుని, ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. చనిపోయినందుకు ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు.

పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. దాన్ని పిలిచి వంటింట్లోంచి పసుపు తెమ్మన్నాను. తెచ్చిన చిటికెడు పసుపు అరచేతిలో తడిపి ఆ మచ్చ మీద రాయబోతే, పక్కింటి ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

‘ముండమోసిన మనిషికి పసుపు పెడతరానే?’

‘పెట్టరు పెద్దమ్మా. నేను దెబ్బకు పెడుతున్న’ అన్నాను.

పాప నా పక్కన గొంతుక్కూర్చుని ఆ మచ్చను చూసింది. ‘నాయినమ్మకు గీ దెబ్బ ఎప్పుడు తాకిందమ్మా?’ అని అడిగింది.

‘నీ చిన్నప్పుడు బిడ్డా. మనిద్దరి నడుమల నిలబడ్డప్పుడు’ అన్నాను.

పాప నా అరచేతిలో మిగిలిన పసుపు తన వేలితో తీసుకుని, నేను వదిలేసిన చోట తనూ రాసింది. కొత్త చీర చుట్టేటప్పుడు ఆ చెయ్యిని మేమిద్దరం చెరోవైపూ పట్టుకున్నాం, పసుపు చెరిగిపోకుండా.